మట్టి మాటున కాయకము



ప్రతి సంవత్సరము వైశాఖ శుద్ధ తదియనాడు బసవజయంతి సభలు జరుగును. ఆ సభలలో కాయకమును గూర్చి ప్రసంగించు భాగ్యము నాకు చాల ఏండ్లుగా లభించుచున్నది. పనిలో హెచ్చుతగ్గులు లేవనియు, శుద్ధమైన మనస్సుతో చేసిన ఏ పనియైనను పూజకు తక్కువ కాదనియు, మడివాలు మాచయ్య బట్టలుతికియు, హరళయ్య చెప్పులు కుట్టియు, అంబిగర చౌడయ్య పడవ నడిపియు, నులియ చందయ్య త్రాళ్ళు పేనియు శరణులైరనియు చెప్పుచుందును. సభవారు చప్పట్లు కొట్టుదురు. నేను తృప్తితో వేదిక దిగుదును. ఒక సంవత్సరము మాత్రము ఆ తృప్తితో ఇంటికి చేరలేకపోతిని. దానికి కారణమైన సంగతిని చెప్పి, దానివలన నాకు కలిగిన ప్రశ్నను మీ ముందుంచుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఆనాడు సభ ముగిసిన తరువాత ఒక యువకుడు వచ్చి నమస్కరించెను. మా టేకులపల్లికి ప్రక్కనున్న తండావాడు. చాల ఏండ్ల క్రిందట నా యొద్ద తెలుగు చదివినవాడు. “ఇప్పుడేమి చేయుచున్నావు, నాయనా?” అని అడిగితిని. అతడు నవ్వి, “గోతులు తవ్వుతున్న సార్. పద్యం అప్పజెప్పలేదని మీరన్నరు గదా, చదవకపోతే గోతులు తవ్వుకొని బతుకుతవురా అని. అట్లనే అయింది” అనెను.

అతని మాటలో నిష్ఠూరము లేదు. పాత గురువును చూచిన సంతోషములో పాత సంగతిని గుర్తుచేసినాడు, అంతియే. నాకు మాత్రము ఆ మాట ములుకువలె గ్రుచ్చుకొనినది. వివరముగా అడుగగా, అతడు హైదరాబాదులో ఒక గుత్తేదారు క్రింద పనిచేయుచున్నాడని తెలిసినది. నగరమునకు మంచినీరు తెచ్చు పెద్ద గొట్టములు పగిలినపుడు, పగలనక రాత్రియనక పోయి బాగుచేయు జట్టులో అతడొకడు. గొయ్యి త్రవ్వువారు, గొట్టమును అతుకు ఫిట్టరు, వెల్డరు, వాల్వులు త్రిప్పు లైన్‌మన్, మోటారు పెట్టి నీరు తోడువాడు, అందరును కలిసి ఒక జట్టు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వేదికపై “పనిలో హెచ్చుతగ్గులు లేవు” అన్నదియు ఈ నోరే. ఒకనాడు తరగతిలో ఒక పనిని శాపముగా వాడినదియు ఈ నోరే. ఈ రెండింటిలో ఏది నా నమ్మకము? సభలో చెప్పినదే నమ్మకమైనచో తరగతిలో ఆ మాట రాకూడదు. తరగతిలో ఆలోచింపక అన్నదే నా మనస్సులోని మాటయైనచో, సభలో నేను చెప్పుచున్నది బసవన్న బోధ కాదు, బసవన్న పేరుతో చేయు వాక్చమత్కారము మాత్రమే. ఇట్టి లోపము నాయొక్కనిలోనే ఉన్నదని అనుకొనలేను. బిడ్డ చదువకపోయినచో ఏదో యొక పని పేరు చెప్పి బెదరించని ఇల్లు మనలో ఎన్ని యున్నవి? కావున ఈ ప్రశ్నను బహిరంగముగా విచారించుచున్నాను. కంటికి కనబడనిది, పేరు తేనిది, ఒడలికి బురద పూయునది అయిన పనిని మనము మనసార కాయకమని ఒప్పుకొందుమా? ఒప్పుకొన్నచో, ఆ పని చేయువానికి మనమేమి చెల్లింపవలసి యుండును?

పనిని తెలిసికొనక దానిపై తీర్పు చెప్పరాదు. అందుచేత మరునాడు అతనిని ఇంటికి పిలిచి, కూర్చుండబెట్టి, ఆ పని తీరును అడిగి తెలిసికొంటిని. నలుబది యేండ్ల వయస్సు దాటని ఆ శిష్యుడు ఆనాడు నాకు గురువాయెను.

నగరమునకు నీరు వచ్చిన విధమును ముందు కొంచెము చెప్పవలెను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తినది. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై మూసీ మీద ఉస్మాన్‌సాగర్‌ను, ఈసా మీద హిమాయత్‌సాగర్‌ను కట్టిరి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. వరదను ఆపుటకు కట్టిన ఆ జలాశయములే నగరపు దాహమును కూడ తీర్చినవి. నగరము పెరిగినకొలది నీరు దూరమునుండి రావలసి వచ్చెను. 1965లో మంజీర నీరు వచ్చినది. 2004లో కృష్ణ నీరు వచ్చినది. 2015లో ఎల్లంపల్లి జలాశయము నుండి గోదావరి నీరు వచ్చినది. నేడు ఆ నగరవాసి కొళాయి త్రిప్పగా వచ్చు నీరు, కృష్ణదైనచో 100 కిలోమీటర్లకు పైగాను, గోదావరిదైనచో 180 కిలోమీటర్లకు పైగాను వచ్చినదై యుండును. కొన్నిచోట్ల ఆ గొట్టములు మనిషి తలయెత్తుకొని లోపల నడువగలిగినంత పెద్దవి.

మన వైపున కూడ 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము వలన అడవి అంచుననున్న గూడెములకును, తండాలకును గొట్టపు నీరు వచ్చినది. ఆ పేరును తలచినపుడెల్ల నాకొక ఆలోచన కలుగును. గంగను దివినుండి భువికి తెచ్చిన భగీరథుని కథ అందరెరిగినదే. వచ్చిన గంగ దారితప్పకుండ తరతరములు గట్లు కాచినవారి కథ మాత్రము ఏ పౌరాణికుడును చెప్పగా నేను వినలేదు. నీరు తెచ్చుట ఒకనాటితో తీరు పని. దానిని నిలుపుట ఏనాటికిని తీరని పని. శిలాఫలకము మొదటిదానికే పడును.

గొట్టములు ఊరక పగులవు. పాత పోత ఇనుప గొట్టములు తుప్పుపట్టి పలుచబడును. కాంక్రీటు గొట్టములకు బిగువుగా చుట్టిన ఉక్కు తీగెలు తుప్పు తిని తెగినచో, గొట్టము ఒక్కసారిగా బ్రద్దలగును. పైన బరువు బండ్లు తిరిగినచో క్రింది నేల కుంగి అతుకులు విడును. కోయగూడెం బొగ్గు లారీలు తిరుగు దారుల ప్రక్కన కాపురముండు మావంటివారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కేబులు వేయుటకై త్రవ్వువారు తెలియక గొట్టమును పొడుచుటయు కలదు. అన్నిటికంటె వింతయైన కారణము మరియొకటి. కరెంటు పోయి పంపులు హఠాత్తుగా ఆగినను, వాల్వును తొందరపడి మూసినను, పరుగెత్తుచున్న నీటికి నిలుచు చోటు దొరకదు. అది వెనుకకు మరలి గొట్టమును లోపలినుండి సమ్మెటవలె మోదును. అందుచేతనే పెద్ద వాల్వును ఎన్నెన్నో చుట్లు, లెక్కపెట్టుకొనుచు, నిదానముగా త్రిప్పవలెను.

పగిలిన చోటును కనిపెట్టుటయే మొదటి కష్టము. నీరు గొట్టము వెంట మట్టిలో ప్రాకి, పగిలిన చోటికి దూరముగా పైకి ఉబుకవచ్చును. అందుచేత రాత్రి నగరము సద్దుమణిగిన తరువాత, ఒక ఇనుప కడ్డీ కొనను గొట్టమునకో వాల్వునకో ఆనించి, రెండవ కొనకు చెవి పెట్టి విందురు. లోపల బుస్సుమను ధ్వని ఎక్కడ హెచ్చునో అక్కడ త్రవ్వుదురు. ఇప్పుడు యంత్రములు వచ్చినవి. అయినను అనుభవము గల చెవికి నేటికిని విలువ యున్నదట. తరువాత ఇరువైపుల వాల్వులు మూసి, లోనున్న నీటిని వెలికి విడుతురు. జేసీబీ కొంతవరకే త్రవ్వును. గొట్టము దగ్గరపడగనే గడ్డపారలతో, పారలతో మనుషులు దిగవలెను. ఏలయన ఆ మట్టిలో కరెంటు కేబుళ్ళు కూడ ఉండవచ్చును. ఒకవైపు మోటారు తోడుచుండగనే మరియొకవైపు నీరు ఊరుచుండును. మోకాళ్ళ లోతు బురదలో నిలిచి, ఇనుప గొట్టమైనచో పలక పెట్టి వెల్డింగు చేయుదురు, లేనిచో క్లాంపు వేసి బోల్టులు బిగింతురు. వెనుకటి కాలమున పోత ఇనుప గొట్టముల అతుకులలో నార దట్టించి, కరిగించిన సీసము పోసెడివారు. సీసము 327 డిగ్రీల వేడిమిలో కరుగును. అతుకులో ఒక్క నీటిబొట్టు మిగిలియున్నను అది ఆవిరియై సీసమును ముఖముపైకి చిమ్మును. ఆ మచ్చలు గల వృద్ధులైన పనివారిని తాను చూచితినని అతడు చెప్పెను.

అతికిన తరువాత పని ముగియలేదు. గొట్టములో నీటిని మెల్లమెల్లగా నింపవలెను. లోనున్న గాలి పోవుటకు దారి ఇయ్యవలెను. మొదట వచ్చు బురదనీటిని పారబోయవలెను. క్లోరిన్ కలిపి, చివరి కొళాయి వద్ద లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాములు మిగిలియున్నదో లేదో చూడవలెను. ఇవన్నియు ముగిసిన తరువాతనే నీరు ఇండ్లకు విడువవలెను. ఈలోగా వీధివారు ఫోనులు చేయుచుందురు, అధికారులు తొందరపెట్టుచుందురు, బిందెలు వరుస కట్టుచుండును.

ఈ పనిలో నన్ను ఆలోచింపజేసిన విశేషము వేరొకటి కలదు. వడ్రంగి చేసిన తలుపు కనబడును. సాలె నేసిన చీర కనబడును. నేను చెప్పిన పాఠము కూడ విద్యార్థి పరీక్షలో బయటపడును. ఈ జట్టు చేసిన పనిని మాత్రము చేసిన మరుక్షణమే వారి చేతులే మట్టితో కప్పివేయవలెను. అది బాగుండినంతకాలము దానిని ఎవ్వరును చూడరు. చెడిననాడే లోకమునకు కనబడును. కనబడకుండుటయే ఆ పనికి సాఫల్యము.

ఆ శిష్యుడు దీనిని తన మాటలలో చెప్పినాడు. “మట్టి కప్పినంక ఎవరూ చూడరు సార్. బోల్టు బిగిసిందా లేదా అనేది మాకే ఎరుక.” ఆ పిమ్మట ఒక సంగతి చెప్పెను. ఒక రాత్రి పని ముగించి గొయ్యి పూడ్చిరట. ప్రొద్దు పొడువబోవుచున్నది. వాల్వు తెరువబోవు సమయములో వారి జట్టులోని ముదుసలి ఫిట్టరు ఆపినాడట. క్లాంపు క్రింద రబ్బరు ఒకవైపు మడతపడెనేమోయని ఆయనకు అనుమానము. చూచుటకు వీలులేదు, ఏలయన మట్టి కప్పినారు. నీరు విడిచినచో అప్పటికి ఏమియు కాకపోవచ్చును. ఆరు నెలలకో యేడాదికో కారినచో అది ఈ రాత్రి తప్పని చెప్పగలవారెవ్వరును లేరు. అయినను ఆయన మరల త్రవ్వించినాడు. వీధివారు తిట్టిరి. జట్టువారు కూడ విసిగికొనిరి. తీసి చూడగా రబ్బరు నిజముగనే మడతపడియున్నది. సరిచేసి పూడ్చునప్పటికి మరి రెండు గంటలు పట్టినది. ఆ రెండు గంటలకు ఆయనకు అదనముగా కూలి లేదు, మెప్పు లేదు. తిట్లు మాత్రము దక్కినవి.

ఒక రబ్బరు మడతకు ఇంత ఆరాటమేల యని మనము అడుగవచ్చును. కారణమున్నది. గొట్టములో నీరు వత్తిడితో నిండియున్నంతకాలము, చిల్లు గుండ నీరు వెలికి కారును. సరఫరా నిలిచి గొట్టము ఖాళీయైనపుడు అదే చిల్లు గుండ చుట్టుపట్ల మురుగు లోనికి చొరబడును. మన పట్టణములలో నీరు రోజంతయు రాదు. కనుక గొట్టము నిండుటయు ఖాళీయగుటయు నిత్యము జరుగుచునే యుండును. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో కలుషితమైన కొళాయినీరు త్రాగి పలువురు మరణించిరి. 2018 మార్చిలో గుంటూరు పాతపట్టణములో అట్లే నీరు చెడి అతిసారము వ్యాపించి పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ చోట్ల ఏ జట్టు తప్పు చేసినదని నేను చెప్పుట లేదు. మట్టిలోని చిన్న చిల్లుకును ఇంటిలోని పసిబిడ్డ ప్రాణమునకును ఎంత దగ్గరి సంబంధమో చెప్పుచున్నాను. నీటి నడుమనే నీటికై అలమటించుట ఎట్టిదో మన జిల్లాలవారికి 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మము మునిగిననాడు తెలిసివచ్చినది.

ఇప్పుడు బసవన్న బోధకు వత్తము. గుడిలోని స్థావరలింగమును పూజించువానికి గుడి వేరు, ఇల్లు వేరు, పనిచేయు చోటు వేరు. గుడి తలుపు మూసిన తరువాత దేవుడు తనను చూచుట లేదని అతడు అనుకొనవచ్చును. ఇష్టలింగధారికి ఆ వెసులుబాటు లేదు. లింగము అతని ఒడలిని విడిచి యుండదు. అతడు గోతిలోనికి దిగినచో అదియు దిగును, అతడు రాత్రి పనిచేసినచో అదియు మేల్కొని యుండును. సాక్షి లేని చోటు ఈ లోకములో లేదని అనుక్షణము జ్ఞప్తి చేయుటకే గురువు దానిని మన ఒడలిపై నుంచెనని నాకు తోచుచున్నది. పూజవేళ అరచేతిలో నుంచుకొని, పనివేళ మరచినచో, అది లింగధారణ కాదు, ఆభరణధారణ.

ఆ ముదుసలి ఫిట్టరు మెడలో లింగము లేదు. ఆయన వేరు మతమువాడు. బసవన్న పేరు విన్నాడో లేదో తెలియదు. కాని ఎవ్వరును చూడని బోల్టు విషయమున ఆయన నడచుకొన్న తీరు, సాక్షిని వెంటబెట్టుకొని తిరుగువాని తీరు. లింగము ధరించిన నేనో, నలుబదిమంది పిల్లలు వినుచుండగనే ఒక బిడ్డనితో పనిని అవమానించు మాట అంటిని. ఎవరు శరణమార్గమునకు దగ్గరగా నున్నారో మీరే చెప్పవలెను.

“ఆయన కూలికి చేయుచున్నాడు గదా, కూలిపనిని కాయకమనవచ్చునా?” యని కొందరు సందేహింపవచ్చును. శరణుల చరిత్ర చదివినవారికి ఈ సందేహము నిలువదు. మాచయ్య ఉతికినందుకు, చందయ్య త్రాళ్ళు అమ్మినందుకు ప్రతిఫలము పుచ్చుకొనిరి. ఆయిదక్కి మారయ్య నేలపై రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చుటయే కాయకముగా గలవాడు. ఒకనాడు అతడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ ఒప్పుకొనక, అధికమైనదానిని తిరిగి ఇచ్చిరమ్మని పంపెను. ప్రతిఫలము పుచ్చుకొనుట కాయకమునకు దోషము కాదని, ఆశపడుటయే దోషమని ఈ కథ చెప్పుచున్నది. నా శిష్యుడు చెప్పిన సంగతిలో ఈ కథయే తిరుగబడినది. లక్కమ్మ అధికముగా వచ్చినదానిని తిరిగి పంపినది. ఆ ఫిట్టరు తక్కువగా చేసినదానిని తవ్వి పూరించినాడు. రెండింటను త్రాసు ఒక్కటే.

ఇంతకంటె కఠినమైన ఆక్షేపణ మరియొకటి కలదు. దానిని దాటవేయుట న్యాయము కాదు. “గోతిలోనివానితో నీ పనియే కైలాసమని చెప్పి, తక్కువ కూలితో తృప్తిపడుమనుట సుఖముగా నున్నవారు కల్పించిన తియ్యని మాట కాదా?” యని అడుగవచ్చును. అవును. కాయకము దగ్గరనే ఆగినచో అది అట్టి మాటయే యగును. కాని బసవన్న కాయకముతోపాటు దాసోహమును చెప్పినాడు. కాయకము ఎవరికి వారు పూను వ్రతము. దానిని ఇతరులపై మోపరాదు. ఇతరుల యెడల మనము చేయవలసినది దాసోహము. దాసోహమనగా దయతలచి పెట్టు భిక్ష కాదు. పుచ్చుకొనువాని ముందు ఇచ్చువాడు తాను దాసుడనని తలవంచుట. “నీ పని పవిత్రము” అని చెప్పి చేతికి తొడుగు, కాలికి బూటు ఇయ్యనివాడు సగము బసవన్ననే ఉచ్చరించినాడు.

గోతిలోని అపాయములు చిన్నవి కావు. ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నుకు పైగా తూగును. నీరు నానిన గోడకు పలకల ఊతము పెట్టనిచో అది విరిగిపడుటకు క్షణము చాలును. క్రింద వంగి పనిచేయువానికి తప్పుకొనుటకు వ్యవధి యుండదు. చాలకాలము మూసియున్న వాల్వు గదిలో ప్రాణవాయువు తక్కువై, దిగినవాడు కూలిపోవచ్చును. తడినేలలో వెల్డింగు చేయునపుడు కరెంటు భయమున్నది. దేహమునే దేవాలయముగా భావించుమని బోధించిన మతము మనది. అట్లయినచో ఊతము లేని గోతిలో మనిషిని దింపుట దేవాలయమును కూలుటకు సిద్ధముగా నుంచుటయే. గుడి గోడకు బీట వారినచో చందాలు పోగుచేయు మనము ఈ దేవాలయమును గూర్చి ఎన్నడైన అడిగితిమా?

ఈ సందర్భమున సొన్నలిగె సిద్ధరామయ్య కథ గుర్తుకు వచ్చుచున్నది. ఆయన నేటి షోలాపూరులో గుడులు కట్టించి, చెరువు త్రవ్వించిన మహనీయుడు. ఆ చెరువు నేటికిని ఆ నగరములో నున్నది. ఆ పని జరుగుచుండగా అల్లమప్రభువు వచ్చి, ఆయనను మట్టి త్రవ్వు ఒడ్డెవాడని పిలిచెననియు, అందుకు కోపించి పనివారు ప్రభువుపై రాళ్ళు విసరిరనియు కథ. నేను ఈ కథను ఎన్నోమార్లు చెప్పితిని. మట్టి త్రవ్వువాడనుట తిట్టు గనుకనే వారికి కోపము వచ్చినదని తేలికగా చెప్పి దాటిపోయితిని. ఇప్పుడు ఆలోచింపగా, అల్లముడు నిందించినది త్రవ్వుటను కాదు, ‘నేను త్రవ్వించుచున్నాను’ అను అహంకారమును. కర్ణాటకములో మట్టిపని, రాతిపని కులవృత్తిగా గల భోవి జనులు నేటికిని సిద్ధరామయ్యను తమ గురువుగా కొలుచుచున్నారు. తిట్టనుకొన్న మాటను వారు తలపై కిరీటముగా ధరించిరి. నేను మాత్రము దానిని తరగతిలో మరల తిట్టుగా మార్చితిని.

నీరు తెచ్చినవారికి ‘నేను తెచ్చితిని’ అను తలపు రావచ్చును. గొట్టము అతికినవానికి ఆ అవకాశము లేదు. అతని పేరు ఎచ్చటను చెక్కబడదు. కాని ఇక్కడ ఒక జాగ్రత్త యుండవలెను. అతని పేరు మరుగుపడుట అతడు కోరి పూనిన వైరాగ్యము కాదు, మన మరపు. మన కృతఘ్నతను అతని సుగుణముగా వర్ణించి తప్పించుకొనరాదు.

ఆ శిష్యుడు మాటల నడుమ అన్న ఒక మాట ఇంకను నా చెవిలో నున్నది. “నీళ్ళ పనే చేస్తం గని, ఎండకాలం తాగటానికి నీళ్ళడిగితే కొందరు గేటు తీయరు సార్. బురద కాళ్ళు గదా.” దాసోహమును గూర్చి ఇంతకు మించిన పాఠము నాకు ఎవ్వరును చెప్పలేదు. ఇంటి ముందర తన కొళాయికై బురదలో నిలిచినవానికి చెంబెడు నీరిచ్చుటకు జంకు ఇంటిలో, పూజామందిరము ఎంత పెద్దదైనను, జంగముడు నిలుచుటకు చోటు లేదు.

మనము చేయదగినవి పెద్ద పనులు కావు. నీరు ఆలస్యమైనపుడు గోతిలోనివానిని తిట్టకుండుట ఒకటి. వీధిలో సన్నని ఊట కనబడినపుడే సంబంధించినవారికి తెలియజేయుట రెండవది. గొట్టమునకు నేరుగా మోటారు బిగించి నీరు లాగకుండుట మూడవది. అట్లు లాగినచో పొరుగువాని వాటా పోవుటయే కాక, చిల్లుల గుండ మురుగును కూడ లోనికి లాగినవారమగుదుము. ఇది అధికమైన బియ్యమును ఏరి తెచ్చుటకంటె పెద్ద దోషము. మన ఊరిలో గొట్టము పని జరుగునపుడు, గోతికి ఊతము పెట్టినారా, పనివారికి తొడుగులున్నవా యని పదిమంది కలిసి గుత్తేదారును అడుగుట నాలుగవది. అడుగుటకు మనకేమి అధికారమందురా? ఆ నీరు త్రాగుటయే ఆ అధికారము.

ఉపాధ్యాయులకు మరియొకటి కలదు. చదువుమని పిల్లలను ప్రోత్సహింపవలెను. నా శిష్యుడు మరికొంత చదివియుండిన అతనికి మేలైన జీతమే వచ్చెడిది, దానిని నేను కాదనను. తన బిడ్డను బాగుగా చదివించుచున్నానని అతడే గర్వముతో చెప్పినాడు. అయినను చదువును పెంచుటకు పనిని తగ్గింపనక్కరలేదు. పనిని చూపి భయపెట్టి నేర్పిన చదువు, పనివానిని చిన్నచూపు చూచుటను కూడ దానితోడనే నేర్పును. అట్లు చదివినవాడే రేపు గేటు తీయనివాడగును. ఆ గేటు వెనుక నా పాఠము కూడ ఉన్నదేమోయని నాకు భయము కలుగుచున్నది.

అతడు సెలవు పుచ్చుకొనునపుడు ఆనాటి మాటకు నన్ను మన్నింపుమని అడిగితిని. అతడు కంగారుపడి, “ఎంత మాట సార్, నాకు గుర్తుండి అన్నగని, మనసులో పెట్టుకొని కాదు” అనెను. అతడు మన్నించెను గాని, మాట నలుబదిమంది ఎదుట అన్నది. మన్నింపు ఇంటిలో అడిగి ఊరకుండుట చాలదు. బసవజయంతి సభలో నా ప్రసంగము విని చప్పట్లు కొట్టినవారును, ఆనాడు తరగతిలో నా మాట విని నవ్విన పిల్లలును ఈ పత్రికను చూతురేమోయని, ఆ మాటను ఇక్కడ వ్రాతమూలముగా వెనుకకు తీసికొనుచున్నాను. గోతులు త్రవ్వి బ్రతుకుట శాపము కాదు. ఊతము లేని గోతిలోనికి మనిషిని దింపి, పైన నిలిచి నీటికై తొందరపెట్టుటయే పాపము.